రాని సైకిల్‌కి రాచమర్యాదలు!

మొన్నామధ్య ఓ ఆదివారం మా అక్కావాళ్లింటికి భోజనానికి వెళ్లాను. గుత్తివంకాయ కూర రెండోసారి వడ్డించుకుంటుండగా మా మేనల్లుడు సెల్‌ఫోన్‌ తెచ్చి కంచం పక్కన పెట్టాడు.

'మావయ్యా, ఇది చూడు.'

చూశాను. ఎక్కడో కొండవాలు. బురద. ఆ బురదలో ఓ సైకిల్‌. పెడల్‌ దగ్గర్నుంచి వెనక చక్రం దాకా నల్లగుడ్డ కప్పి ఉంది. ఫొటో తీసినవాడి చెయ్యి వణికినట్టుంది, అంతా మసకమసక.

'ఏముందిరా ఇందులో?'

'ఆ గుడ్డ కింద ఎత్తుగా లేదూ! అక్కడ ఇంకో లింకు పెట్టారన్నమాట. షాక్‌ అబ్జార్బర్‌ని కిందికి దించేశారు. వచ్చే మోడల్‌ ఇదే మావయ్యా!'

నాకైతే గుడ్డ తప్ప ఏమీ కనిపించలేదు. 'సరేగానీ, నువ్వు కొంటానన్న సైకిల్‌ ఏమైంది?' అన్నాను.

సమాధానం వంటింట్లోంచి మా అక్క చెప్పింది. 'వాడి సైకిల్‌ ఇంకా పుట్టలేదటరా తమ్ముడూ. పుట్టాక కొంటాడట!'

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నారు మన పెద్దవాళ్లు. మావాడి సోమలింగం ఓ మౌంటెన్‌ బైక్‌. వాడు ఇంజినీరింగ్‌ మూడో ఏడాది. పండక్కి తాతయ్య ఇచ్చిన డబ్బులూ, పక్కింటి పిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించినవీ కలిపి రెండేళ్లుగా బ్యాంకులో దాస్తున్నాడు. కొనడానికి దుకాణానికి మూడుసార్లు వెళ్లాడు. మూడుసార్లూ ఉత్తచేతుల్తోనే తిరిగొచ్చాడు. ఎందుకూ అంటే ఒకటే మాట... 'ఆగు, కొత్తది రాబోతోంది!'

ఆ రాబోయేదాని సంగతేంటో తెలుసుకుందామని నేనూ నాలుగు రోజులు ఆ లోకంలోకి తొంగిచూశాను. తీరా చూస్తే అది మనం నవ్వి వదిలేసేంత చిన్న లోకమేం కాదు. పెద్ద హీరో సినిమా షూటింగులోంచి ఒక్క మసక ఫొటో బయటికొస్తే అభిమానులు కథంతా అల్లేసుకోరూ! అవుటర్‌ రింగురోడ్డు మీద నలుపూ తెలుపూ గళ్ల స్టిక్కర్లు అంటించుకున్న కారు కనిపిస్తే, లోపల ఏ ఇంజినుందోనని పందేలు కాసుకోరూ! ఇదీ అలాంటిదే. కాకపోతే ఇక్కడి అభిమానులు బోల్టులూ, ఇరుసులూ, పళ్లచక్రాలూ చూసి జాతకం చెబుతారు. ఆశ్చర్యం ఏంటంటే... ఆ జాతకాలు చాలాసార్లు నిజమవుతాయి!

మొదట్లో దాచడానికేమీ లేదు

అసలు కొండల్లో తొక్కే ఈ సైకిల్‌ ఎక్కడ పుట్టిందో తెలుసా? అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో పక్కనే ఉన్న మారిన్‌ కౌంటీలో. 1970ల్లో అక్కడి కుర్రాళ్లు పాత ఇనప సైకిళ్లు వెతికి తెచ్చుకుని, మట్టిదారుల్లో కొండమీంచి కిందికి దూకించేవాళ్లు. 1976 అక్టోబరులో పందెం కూడా మొదలుపెట్టారు. ఆ పందేనికి 'రీప్యాక్‌' అని పేరు. ఎందుకంటే... ఆ రోజుల్లో బ్రేకు వెనకచక్రం ఇరుసులోనే ఉండేది. పెడల్‌ని వెనక్కి తొక్కితే పడేది. కొండ దిగేసరికి ఆ వేడికి లోపలి గ్రీజంతా కాలి పొగైపోయేది. మళ్లీ గ్రీజు కూరితేగానీ ఇంకోసారి దిగడానికుండదు. ఆ మళ్లీ కూరడమే రీప్యాక్‌!

ఆ గుంపులోని జో బ్రీజ్‌ 1977లో ప్రత్యేకంగా ఈ పనికోసమే ఓ ఫ్రేము తయారుచేసుకున్నాడు. గ్యారీ ఫిషర్‌, ఛార్లీ కెల్లీ, టామ్‌ రిచీ 1979లో సైకిళ్లు తయారుచేసి అమ్మడం మొదలెట్టారు. 1981లో స్పెషలైజ్డ్‌ కంపెనీ 'స్టంప్‌జంపర్‌' పేరుతో పెద్దయెత్తున మార్కెట్లోకి తెచ్చింది. అప్పటి స్టంప్‌జంపర్‌ ఒకటి ఇప్పుడు అమెరికా జాతీయ చరిత్ర మ్యూజియంలో ఉంది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌ నాటికి ఈ ఆట ఒలింపిక్‌ క్రీడ కూడా అయిపోయింది. ఇరవయ్యేళ్లలో గ్రీజు పొగల్నుంచి ఒలింపిక్స్‌ దాకా!

గమనించారా, తొలి రోజుల్లో గుడ్డ కప్పాల్సిన పనే లేదు. ఎవరు ఏం చేసినా పక్కవాడు వంగి చూసి నేర్చుకునేవాడు. డబ్బు వచ్చింది. డబ్బుతోపాటు పోటీ వచ్చింది. పోటీతోపాటే గుడ్డా వచ్చింది.

గుట్టు ఎలా రట్టవుతుంది?

కొత్త సైకిల్‌ని గదిలో తాళంవేసి దాచొచ్చుగా, బయటికెందుకు తేవడం? అక్కడే ఉంది తిరకాసు. కొండమీద తొక్కిచూస్తేగానీ అది నిలబడుతుందో విరుగుతుందో తెలీదు. దాన్ని గట్టిగా తొక్కగలిగేది పందెగాళ్లే. వాళ్లు తొక్కేది ప్రపంచకప్‌ పోటీల్లో. అక్కడేమో దారి పొడవునా జనం, ఫొటోగ్రాఫర్లు. అంటే కంపెనీవాళ్లు రహస్యాన్ని తీసుకెళ్లి కెమెరాల మధ్యే పెట్టాల్సొస్తుంది!

అప్పుడు తెలివైన కళ్లు ఏం చూస్తాయంటే...

మొదటిది లోహం. పేరున్న కంపెనీల ఖరీదైన ఫ్రేములు ఎక్కువగా కార్బన్‌ ఫైబర్‌తో ఉంటాయి. కార్బన్‌ ఫ్రేముకి అచ్చు కావాలి. అచ్చు చేయించాలంటే బోలెడు ఖర్చు. ఓసారి చేశాక కొలత మార్చాలంటే మళ్లీ కొత్త అచ్చే. అల్యూమినియం అయితే కోసి, అతికి, నచ్చకపోతే ఇంకోలా అతుక్కోవచ్చు. అందుకే కార్బన్‌ సైకిళ్లమ్మే కంపెనీ ఆటగాడు ఉన్నట్టుండి రంగులేని అల్యూమినియం ఫ్రేము మీద కనిపించాడంటే... అది రాబోయే మోడల్‌కి చిత్తుప్రతి అన్నమాట!

రెండోది, కంపెనీ పేరు లేకపోవడం. ఎక్కడ చూసినా స్టిక్కర్లు అంటించుకునే ఆటలో ఓ భాగం మీద ఏ పేరూ లేదంటే అనుమానించాల్సిందే. ఒక్కోసారి ఇది తమాషాగా కూడా ఉంటుంది. డబ్బిచ్చే టైర్ల కంపెనీ ఒకటి, ఆటగాడికి నచ్చిన టైరు ఇంకొకటి. అప్పుడు టైరు మీది పేరుని నల్ల మార్కరుతో పూసేస్తారు. జనం ఆ రబ్బరు మీది గళ్లు చూసి అది ఎవరిదో చెప్పేస్తారు!

మూడోది పేటెంటు కాగితం. అమెరికాలో పేటెంటుకు దరఖాస్తు చేస్తే సాధారణంగా పద్దెనిమిది నెలలకు దాన్ని అందరూ చూసేలా ప్రచురిస్తారు. బొమ్మల్తో సహా! దొంగ చేతికి తాళమిచ్చినట్టే. అలాగని పేటెంటు తీసుకోకపోతే ఇంకొకరు ఎత్తుకుపోతారు. అందుకే దుకాణంలోకి రాని సరుకు బొమ్మలు ముందే జనం చేతుల్లో ఉంటాయి. కాకపోతే పేటెంటు తీసుకున్నదల్లా తయారవ్వాలని లేదు. చాలామంది బోల్తాపడేది అక్కడే.

హోండా వారి మాయడబ్బా

ఈ ఊహల చరిత్రలో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. మోటారుసైకిళ్ల హోండా తెలుసుగా! ఆ కంపెనీ 2000ల మొదట్లో కొండ దిగే పందేలకోసం ఓ సైకిల్‌ తయారుచేసింది. పేరు ఆర్‌ఎన్‌01. మోటారు కాదు, కాళ్లతో తొక్కేదే. 2004లో అది ప్రపంచకప్‌ పోటీల్లోకి దిగింది. అంతకుముందు ఏడాదే ప్రపంచ ఛాంపియనైన దక్షిణాఫ్రికా కుర్రాడు గ్రెగ్‌ మినార్‌ దాన్ని తొక్కాడు.

మామూలు గేర్ల సైకిల్‌ని చూడండి. వెనకచక్రం పక్కన పళ్లచక్రాల గుత్తి, దాని కింద వేలాడుతూ డీరైలర్‌. చైనుని ఒక చక్రమ్మీంచి ఇంకోదాని మీదికి నెట్టేది అదే. రాయి తగిలితే ముందు పోయేదీ అదే. హోండా సైకిల్‌కి అవేమీ లేవు! పెడళ్ల మధ్య మూసేసిన ఓ డబ్బా. గేర్లన్నీ అందులోనే.

ఆ డబ్బాలో ఏముందో హోండా చెప్పలేదు. ఇహనేం, ఊహలు! పళ్లే లేని గేర్లన్నారు, మోటారుసైకిల్‌ ఇంజినులో ఉండేలాంటివన్నారు. 2005లో మినార్‌ ఆ సైకిల్‌ మీదే ప్రపంచకప్‌ మొత్తం విజేతయ్యాడు. దాంతో ఆ డబ్బా మీద ఆశ ఇంకా పెరిగింది. 'ఎప్పుడమ్ముతారు? ఎంతకమ్ముతారు?'

ఎప్పుడూ అమ్మలేదు. ఎంతకూ అమ్మలేదు. 2007 పోటీల తర్వాత హోండా ఆ జట్టునే ఆపేసింది. ఆ సైకిల్‌ ఒక్కటంటే ఒక్కటి కూడా దుకాణానికి రాలేదు.

డబ్బాలో ఏముందో తర్వాత తేలింది. చైనూ, పళ్లచక్రాలే! బయట వేలాడాల్సిన సరంజామాని నాజూగ్గా లోపల అమర్చారంతే. ఇంజినీరింగ్‌ పరంగా అదీ గొప్ప విషయమే. వెనకచక్రం బరువు తగ్గింది, రాళ్ల భయం పోయింది. కానీ జనం ఊహించుకున్న మాయ మాత్రం అందులో లేదు. అదంతా ఊహించుకున్నవాళ్ల బుర్రల్లోనే ఉంది!

చిన్నముక్క చెప్పిన పెద్దకబురు

'అయితే ఇదంతా పనిలేని పనేగా!' అనబోతున్నారా? ఆగండి. మా మేనల్లుడు నన్ను నోరుమూయించిన కథ ఇది.

డీరైలర్‌ని ఫ్రేముకి తగిలించడానికి మధ్యలో ఓ చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది. హ్యాంగర్‌ అంటారు. సైకిల్‌ పడితే ముందు అది వంగిపోయి ఫ్రేముని కాపాడుతుంది. దేవుడి ముందు కొట్టే కొబ్బరికాయలాగా, దాని పుట్టుకే పగలడం కోసం! బాధేంటంటే ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారం. ఈ కంపెనీది ఆ కంపెనీకి పట్టదు. విరిగితే సరైన ముక్క దొరికేదాకా సైకిల్‌ గోడకి ఆనించుకోవాల్సిందే.

2019లో శ్రామ్‌ అనే అమెరికా కంపెనీ అన్ని ఫ్రేములకూ పనికొచ్చేలా ఒకే హ్యాంగర్‌ తయారుచేసింది. ఫ్రేములు చేసే ఏ కంపెనీ అయినా వాడుకోవచ్చంది. ముక్క ధరా తక్కువే. అందరూ ఆహా అన్నారు. కొందరు మాత్రం కనుబొమలు ముడిచారు. గేర్లమ్ముకునే కంపెనీకి అందరి ఫ్రేముల గురించి ఇంత తాపత్రయం దేనికి?

వాళ్లు పాత పేటెంటు కాగితాలు తిరగేశారు. అసలు హ్యాంగరే లేకుండా, నేరుగా ఫ్రేముకే బిగించే డీరైలర్‌ బొమ్మలు కనిపించాయి. 2022లో ప్రపంచకప్‌ ఆటగాళ్ల సైకిళ్ల మీద అలాంటిదే ప్రత్యక్షమైంది. అప్పుడు లెక్క కుదిరింది. ఆ హ్యాంగర్‌ పట్టాలంటే ఫ్రేము వెనకభాగాన్ని అందరూ ఒకే కొలతతో చెయ్యాలి. అందరూ చేశాక, హ్యాంగర్‌ తీసేసి ఆ చోట్లో కొత్త డీరైలర్‌ కూర్చోబెట్టేయొచ్చు. ముందు అందరి ఇళ్లకీ ఒకే కొలత గుమ్మాలు పెట్టించి, తర్వాత తలుపులమ్మినట్టు!

2023 మార్చిలో సరిగ్గా అదే జరిగింది. శ్రామ్‌ 'ట్రాన్స్‌మిషన్‌' పేరుతో ఆ గేర్లని విడుదల చేసింది. వెనక ఇరుసు దగ్గర ఫ్రేముని రెండువైపుల్నుంచీ పట్టుకుని కూర్చుంటుంది. దానిమీద మనిషి నిలబడినా వంగదని చూపించారు కూడా. ఆ కొలత ఉన్న ఫ్రేముకి హాయిగా పట్టింది. లేని ఫ్రేముకి పట్టలేదు.

ఇప్పుడు ఆలోచించండి. 2021లో ఓ కుర్రాడు ఏళ్లతరబడి దాచుకున్న డబ్బుతో ఫ్రేము కొన్నాడనుకోండి. ఆ పుకారు విన్నవాడైతే దుకాణంలో ఒకే ఒక్క ప్రశ్న అడిగుంటాడు... 'దీనికి ఆ కొత్త హ్యాంగర్‌ పడుతుందా?' అని. విననివాడు రంగు చూసి కొనుక్కుని ఇంటికెళ్లుంటాడు. రెండేళ్ల తర్వాత ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు. మావాడి మాటల్లో చెప్పాలంటే, 'పుకారంటే వదంతి కాదు మావయ్యా... వాతావరణ సూచన!'

చక్రం పెరిగింది, కొంప మునిగింది

కొలతలు మారడం ఈ రంగంలో కొత్తేమీ కాదు. మౌంటెన్‌ బైక్‌ అంటే మొదట్నుంచీ 26 అంగుళాల చక్రమే. 29 అంగుళాలది వచ్చినప్పుడు జనం నవ్వారు. సర్కస్‌ సైకిలన్నారు. ఈలోగా మధ్యలో 27.5 దూరింది. 2012లో స్విట్జర్లాండ్‌ ఆటగాడు నీనో షుర్టర్‌ దక్షిణాఫ్రికాలో జరిగిన ప్రపంచకప్‌ పోటీలో ఆ మధ్యరకం చక్రాలతోనే గెలిచాడు. అయినా కొండ దిగే పందేలకి 29 పనికిరాదు, మరీ ఎత్తు, మలుపులు తిరగదు అన్నారు.

2017 ఏప్రిల్లో ఫ్రాన్స్‌లోని లూర్డ్‌ పట్టణంలో ప్రపంచకప్‌. శాంటాక్రూజ్‌ కంపెనీ జట్టు 29 అంగుళాల చక్రాలతో దిగింది. పోటీ సంగతి పక్కకుపోయి అందరూ చక్రాల గురించే వాదించుకున్నారు. ఇది అన్యాయమన్నవాళ్లూ, ఇదే భవిష్యత్తన్నవాళ్లూ. జూన్‌లో స్కాట్లాండ్‌లోని ఫోర్ట్‌ విలియమ్‌లో మినార్‌ (మన హోండా డబ్బా మినారే!) ఆ పెద్ద చక్రాల మీదే గెలిచేసరికి వాదన ముగిసింది. ఆ తర్వాత ముందు పెద్దది, వెనక చిన్నది పెట్టుకునే పద్ధతీ వచ్చింది. ఎడ్లబండికీ రిక్షాకీ పెళ్లిచేసినట్టు!

ఇందులో నష్టపోయిందెవరు? ఇంట్లో చక్కగా పనిచేస్తున్న 26 అంగుళాల సైకిల్‌ ఉన్నవాడు. వాడి ఫ్రేము విరగలేదు, గేర్లు పోలేదు. కానీ దుకాణాల్లో ఆ కొలతలో మంచి టైర్లూ, మంచి ఫోర్కులూ తగ్గిపోయాయి. మనింట్లో పాత టేప్‌రికార్డర్‌ పాడవలేదు, క్యాసెట్లే దొరకడం మానేశాయి... గుర్తుందా? సరిగ్గా అలాగే. అందుకే కొండ సైకిళ్లవాళ్లు గుడ్డ కింద ఏముందోనని అంత భయంభయంగా చూసేది. అక్కడున్నది కొత్త అందమే కాదు, తమ దగ్గరున్నదాని ఆయుష్షు కూడా!

ఎదురుచూపుకీ ఖరీదుంది

ఇంతవరకూ మావాడిదే గెలుపు. ఇప్పుడు నా వంతు.

రాబోయేదానికోసం ఆగితే ఎన్నాళ్లాగాలి? వైర్లు లేకుండా గేర్లు మార్చే పద్ధతిని శ్రామ్‌ 2019లో మౌంటెన్‌ బైకులకు తెచ్చింది. జపాన్‌ కంపెనీ షిమానో అంతకుముందే, 2014లోనే, వైర్లుండే ఎలక్ట్రానిక్‌ గేర్లు తెచ్చింది. ఇంకేముంది, షిమానో వైర్లెస్‌ కూడా ఇదిగో వస్తోంది అన్నారు. 2020లో వస్తుందన్నారు. 2021లో అన్నారు. తీరా ఎక్స్‌టీఆర్‌ పేరుతో వచ్చింది 2025 జూన్‌లో! దానికోసమే ఆగినవాడి ఆరేళ్లు ఎవరిస్తారు? ఇరవయ్యేళ్ల మోకాళ్లు ఇరవయ్యారేళ్లవి అయిపోలేదూ!

పైగా కొవిడ్‌ వచ్చి లెక్కలన్నీ తారుమారు చేసింది. 2020లో లోకమంతా సైకిళ్ల మీద పడింది. దుకాణాల్లో సరుకు లేదు, నెలలకొద్దీ వేచిచూడాల్సి వచ్చింది. కంపెనీలు లెక్కకు మించి ఆర్డర్లు పెట్టాయి. ఆ సరుకు గోదాములకు చేరేసరికి జనం ఉత్సాహం చల్లారింది. 2023 నాటికి ఎక్కడ చూసినా తగ్గింపు ధరలే. పాత సరుకు కదలనిదే కొత్తది దించలేరుగా! 2024 డిసెంబరులో జీటీ అనే పాతకాపు కంపెనీ, కొత్త మోడళ్ల విడుదల ఆపి ఉన్న సరుకు అమ్ముకుంటామని చెప్పేసింది. ఆ కంపెనీ రాబోయే ఫ్రేము గురించి ఎన్ని జాతకాలు చెప్పుకున్నారో, అన్నీ గాల్లో కలిసిపోయాయి.

అంటే రాబోయేది ఆలస్యంగా రావచ్చు. హోండా డబ్బాలాగా అసలు రాకపోనూవచ్చు. వచ్చినా మొదటి విడతలో ఏవో లోపాలుంటాయి, ధర మండిపోతుంటుంది. మన దేశానికి చేరేసరికి మరికొంత. ఈలోగా కొండ అక్కడే ఉంటుంది. మనకు దాన్నెక్కే వయసే ఉండదు.

చైను తెగినా...

ఇదంతా చెప్పి మా మేనల్లుణ్ని ఓ ప్రశ్న అడిగాను. 'ఒరే, 2015లో లియోగాంగ్‌లో ఏం జరిగిందో నీకు తెలుసుగా?'

వాడి మొహంలో నవ్వు. ఆ ఆటని ప్రేమించే ఎవరికైనా అది తెలుసు. ఆస్ట్రియాలోని లియోగాంగ్‌లో ప్రపంచకప్‌ పోటీ. అమెరికా ఆటగాడు ఆరన్‌ గ్విన్‌ పైనుంచి బయల్దేరాడు. రెండు తొక్కులు తొక్కాడో లేదో చైను తెగిపోయింది! గేర్లు ఎన్నుంటే ఏం, అవి ఏ కంపెనీవైతే ఏం, ఇక తొక్కడమే లేదు. ఇంకెవరైనా అయితే సైకిల్‌ పక్కన పడేసి తిట్టుకునేవాళ్లు. గ్విన్‌ అలా చెయ్యలేదు. వంపుల్లో వేగం పోనివ్వకుండా, వీలైనంత తక్కువ బ్రేకు వేస్తూ, ఒంటినే ఇంజినుగా చేసుకుని కిందిదాకా వచ్చేశాడు. బోర్డు మీద సమయం చూస్తే... అందరికంటే వేగం అతనిదే. చైను లేకుండా మొదటిస్థానం!

'గేర్లు అక్కర్లేదని కాదురా' అన్నాను. 'ఆ రోజు అతనికి ఫోర్కు కావాలి, టైర్లు కావాలి, బ్రేకులు కావాలి. అవన్నీ ఎవరో ఎప్పుడో గుడ్డ కప్పి పరీక్షించినవే. కానీ చైను లేకుండా గెలిచిన ఆ ఒడుపు మాత్రం ఏ కంపెనీ విడుదల చెయ్యలేదు. అది రోజూ తొక్కితే వచ్చింది. నీ దగ్గర రెండేళ్లుగా తొక్కడానికి ఏముంది? ఫొటోలు!'

వాడేం మాట్లాడలేదు. ఫోన్‌ జేబులో పెట్టుకుని లోపలికెళ్లిపోయాడు. కాస్త గట్టిగా అన్నానేమో అనిపించింది. మా అక్క మాత్రం 'చెప్పావులే, నువ్వు స్కూటర్‌ మార్చడానికి ఎన్నేళ్లు ఆలోచించావో నాకు తెలీదా' అంటూ పెరుగు వడ్డించింది. నిజమే. నేనూ 'ఈ దసరాకి కొత్త మోడల్‌ వస్తుందట' అంటూ మూడు దసరాలు గడిపినవాణ్నే! ఫ్రిజ్‌ అయినా టీవీ అయినా మనందరం చేసేది అదేగా. రానిదాన్ని నెత్తినపెట్టుకుని, ఉన్నదాన్ని చిన్నచూపు చూడటం.

నెల తిరిగింది. పోయిన ఆదివారం పొద్దున్నే ఫోన్‌లో ఫొటో ఒకటి వచ్చింది. బురద. బురదలో ఓ సైకిల్‌. ఫొటో తీసినవాడి చెయ్యి వణికినట్టుంది, అంతా మసకమసక. మళ్లీ మొదలెట్టాడ్రా బాబూ అనుకుంటూ ఫోన్‌ చేశాను.

'ఏ కంపెనీదిరా? ఎప్పుడొస్తుందట?'

అవతల ఆయాసం. వెనకాల ఎవరో కుర్రాళ్ల కేకలు.

'వచ్చేసింది మావయ్యా! నాదే! నిరుటి మోడలే, తగ్గింపు ధరకిచ్చారు. అనంతగిరి కొండల్లో ఉన్నాం. రెండుసార్లు పడ్డాను, మోచెయ్యి గీరుకుంది... అమ్మకు చెప్పకు!'

'సరేగానీ, దానికి ఆ హ్యాంగర్‌...' అంటూ నా కొత్త పాండిత్యం ప్రదర్శించబోయాను.

'పడుతుంది, అడిగే కొన్నాను' అన్నాడు. 'గుమ్మం ఉంది మావయ్యా... తలుపు సంగతి తర్వాత చూసుకుందాం!'